మడత చాకు విప్పితే వారంటీ పోవాలా?

మా చిన్నాయనకు నల్లగొండ దగ్గర చిన్న బత్తాయి నర్సరీ ఉంది. అంటు కట్టే పనికి ఆయన దగ్గర రెండు మడత చాకులుంటాయి. ఒకటి పాతది, రివెట్లు కొట్టింది, ఆయన పెళ్లికి ముందు నుంచీ ఉంది. రెండోది పోయినేడు పట్టణంలో పనిముట్ల దుకాణంలో 1,850 రూపాయలు పెట్టి కొన్నది. మడిస్తే జేబులో పడుతుంది. తెరిస్తే టక్కుమని లాక్ పడుతుంది. పిడికి నక్షత్రం ఆకారపు గుంత ఉన్న చిన్న స్క్రూలు. డబ్బా మీద పెద్దక్షరాలతో రెండేళ్ల వారంటీ అని ఉంది.

ఎనిమిది నెలలకు బ్లేడు కొసన గోరంత ముక్క విరిగింది. కింద పడలేదు, రాయికి తగల్లేదు. లేత బెరడు మీద గాటు పెడుతుంటే పోయిందట. దుకాణానికి నేనూ వెంట వెళ్లాను. దుకాణదారు విరిగిన చోటును ఒక్క క్షణం చూశాడు. తర్వాత చాకును తిప్పి, స్క్రూ తల మీది గీతలను చాలాసేపు చూశాడు.

"ఇప్పినవా దీన్ని?"

"ఆఁ, మూడు నెలలకోపారి ఇప్పి కడిగి నూనె పెడ్త."

"అయితే కంపెనోళ్లు తీస్కోరు. కార్డు మీదనే రాసుంది."

కార్డు తీసి వెలుతురుకు పట్టి చదివాం. చీమ తలకాయలంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, నిజంగానే ఉంది. వస్తువును విప్పినా, దానికి మార్పులు చేసినా వారంటీ చెల్లదని. బయటికొచ్చి టీ తాగుతూ చిన్నాయన అన్నాడు: "ఇరిగింది కొసకు. ఇప్పింది మొదట్ల. రెంటికీ ఏం సంబంధం?"

ఫోను, మోటారు, మిక్సీ, ఏది రిపేరుకు వచ్చినా ఇదే పేచీ వస్తుంది. చాకు విషయంలో అది ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. ఎందుకంటే చాకును శుభ్రం చేసుకోవడం వాడేవాడి పని, లాక్ గట్టిగా ఉండటం వాడేవాడి వేళ్లకు సంబంధించిన సంగతి. ఈ రెండూ కలిసేది ఒకే స్క్రూ దగ్గర.

## విప్పడం అంటే దేన్ని విప్పడం

మడత చాకుకు ప్రాణం ఇరుసు. బ్లేడు మొదట్లో ఒక రంధ్రం, అందులోంచి పోయే ఇరుసు స్క్రూ, బ్లేడుకు అటొకటి ఇటొకటి పలచని వాషర్లు. మన మెకానిక్కులు వైసర్లంటారు. ఇవి కంచువి కావచ్చు, నైలానువి కావచ్చు. ఖరీదైన చాకుల్లో వాషర్లకు బదులు ఆవగింజంత ఉక్కు గుండ్లున్న బేరింగులుంటాయి. ఇలా లాక్ పడే చాకుల్లో చాలావాటికి పిడి లోపల ఒక ఉక్కు పట్టీ కొంచెం లోపలికి వంగి, స్ప్రింగులా కాచుకుని ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ పట్టీ జరిగి బ్లేడు మడమ వెనక నిలబడుతుంది. అదే లాక్. పట్టీ మీద ఒక బుల్లి గుండు కూడా ఉంటుంది. చాకు మూసినప్పుడు అది బ్లేడు మీది చిన్న గుంతలో కూర్చుంటుంది. చాకు జేబులో దానంతట అది తెరుచుకోకుండా ఆపేది ఆ గుండే.

ఇరుసు స్క్రూ ఎంత బిగించాలన్నది వేలి కొసలతో తెలుసుకోవాల్సిన విషయం. పావు చుట్టు ఎక్కువ బిగిస్తే బ్లేడు మొరాయిస్తుంది. పావు చుట్టు తక్కువైతే అటూ ఇటూ ఊగుతుంది, లాక్ పట్టీ కూర్చునే చోటు కూడా కాస్త మారుతుంది. సరైన బిగువు దొరికాక స్క్రూ దానంతట అది వదులు కాకుండా ఫ్యాక్టరీలో మరలకు సాధారణంగా నీలం రంగు జిగురు చుక్క పెడతారు.

దీన్నిబట్టి చూస్తే విప్పడంలో చాలా మెట్లున్నాయి. జేబు క్లిప్పు తీసి రెండో వైపు పెట్టుకోవడం ఒకటి. ఇరుసు స్క్రూను కాస్త తిప్పి బిగువు సరిచేసుకోవడం ఇంకొకటి. మొత్తం ఊడదీసి, కడిగి, నూనె పెట్టి, ఉన్నది ఉన్నట్టు బిగించడం మరొకటి. లాక్ పట్టీని అరగదీయడం, స్ప్రింగును వంచడం, వేరే వాషర్లు వేయడం పూర్తిగా వేరే సంగతి. మొదటి మూడింటిలో చాకు మారదు. చివరిదాంట్లో అది కంపెనీ చేసిన చాకుగా మిగలదు. వారంటీ కార్డు మాత్రం వీటన్నిటినీ ఒకే మాట కింద చుట్టేస్తుంది.

## గ్యారంటీ, వారంటీ, చట్టం ఇచ్చే హక్కు

మన బజార్లో ఒక లెక్క ఉంది. గ్యారంటీ అంటే మార్చిస్తారు, వారంటీ అంటే బాగుచేస్తారు. వాడుకలో అది పనికొస్తుంది గానీ, చట్టం అలా విడదీయదు. కార్డు మీద ఏ మాట ఉన్నా, దాని కింద ఏం చేస్తామని రాశారన్నదే ముఖ్యం.

ఇక్కడ రెండు పొరలున్నాయి. పైపొర కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట: ఇన్నాళ్లలోపు తయారీ లోపం బయటపడితే ఉచితంగా బాగుచేస్తాం లేదా మార్చిస్తాం. మాట వాళ్లది కాబట్టి షరతులూ వాళ్లే రాసుకుంటారు. కింది పొర చట్టం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం కొన్ని సందర్భాల్లో వస్తువు కొన్న పనికి పనికొచ్చేదిగా, అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్నది కార్డు మీద రాయకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే లెక్క. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 'లోపం' అనే మాటకు విశాలమైన అర్థం ఇచ్చింది. చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, అమ్మేవాడు చెప్పుకున్నదాని ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యతలో ఏ కొరత ఉన్నా అది లోపమే.

కాబట్టి "వారంటీ పోయింది" అని దుకాణదారు అన్నప్పుడు ఖచ్చితంగా పోయేది పైపొర. కింది పొర స్క్రూ తిప్పగానే మాయమవదు. చాలామంది రెండూ ఒకటే అనుకుని అక్కడే ఆగిపోతారు. కంపెనీలకు కూడా అది సౌకర్యంగానే ఉంటుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అదే 1930 చట్టంలోని 62వ సెక్షన్, చట్టం తనంతట తాను చేర్చే ఇలాంటి హామీలను ఇరుపక్షాలూ స్పష్టంగా ఒప్పుకుని తీసేసుకోవచ్చు అంటుంది. కార్డు మీద సన్నక్షరాల్లో ఉన్నదాన్ని కొనేవాడు 'స్పష్టంగా ఒప్పుకున్నాడు' అనవచ్చా? డబ్బా తెరిస్తే గానీ కార్డు కనబడదు, డబ్బు కట్టాక గానీ డబ్బా తెరవనివ్వరు. వాదన మొదలయ్యేది ఇక్కడే.

## విప్పకపోతే జంగు, విప్పితే రద్దు

చిన్నాయన చాకును సరదాకు విప్పడు. నల్లగొండ వైపు సాత్‌గుడి బత్తాయి మొగ్గను రంగపూర్ నిమ్మ మొక్క మీద అంటు కడతారు. వేరు మొక్క కాండం మీద ఇంగ్లీషు టి అక్షరం ఆకారంలో గాటు పెట్టి, బెరడు మెల్లగా లేపి, మొగ్గను అందులోకి జారుస్తారు. పొద్దంతా వందల గాట్లు. ప్రతి గాటుకూ కొంచెం బంక, కొంచెం రసం బ్లేడుకు అంటుతుంది. అది మెల్లగా ఇరుసులోకి పాకి, ఎర్రమట్టి దుమ్ముతో కలిసి గట్టిపడుతుంది.

ఇంకో తంటా కూడా ఉంది. ఎక్సోకార్టిస్ లాంటి నిమ్మజాతి తెగుళ్లు చాకు ద్వారా కూడా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు అంటుకుంటాయి. రంగపూర్ నిమ్మకు ఆ తెగులంటే అసలే తట్టుకునే శక్తి తక్కువ. అందుకని ఒక చెట్టు నుంచి మొగ్గ కోశాక, ఇంకో చెట్టు దగ్గరికి పోయేముందు బ్లేడును సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచి తీయాలి. మామూలు మాటల్లో బ్లీచింగు నీళ్లు. తెగులును చంపే ఆ నీళ్లే ఉక్కును తింటాయి. స్టెయిన్‌లెస్ ఉక్కు కూడా దానికి గుంతలు పడుతుంది. బ్లేడును గుడ్డతో తుడవచ్చు. ఇరుసు లోపలికి పోయిన చుక్కను తుడిచేదెట్లా?

విప్పకుండా కూడా కొంత చేయొచ్చు. గోరువెచ్చని నీళ్లలో చాకును తెరుస్తూ మూస్తూ కడిగి, బాగా ఆరనిచ్చి, ఇరుసు దగ్గర చుక్క నూనె వేయడం చాలా కంపెనీలు చెప్పే పద్ధతే. ఇంట్లో పండ్లు కోసుకునేవాళ్లకు అది చాలు. బంకకు మాత్రం చాలదు. నూనె తగలగానే ఆ బంక మెత్తబడి వాషర్ల మధ్య ఇంకా లోతుకు పోతుంది.

ఇప్పుడు కార్డును మళ్లీ చదవండి. తుప్పు వల్ల, సరిగా చూసుకోకపోవడం వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదని సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది. విప్పితే వారంటీ ఉండదని ఇంకొకటి. అంటు కట్టేవాడికి, చేపలు కోసేవాడికి, జీవాల గిట్టలు సరిచేసే గొర్ల కాపరికి ఈ రెండు వాక్యాలూ కలిసి ఒకే గోడ అవుతాయి. జంగు పడితే చూసుకోలేదంటారు. చూసుకుంటే విప్పినవంటారు. విడివిడిగా చదివితే రెండు షరతులూ న్యాయంగానే ఉంటాయి. పక్కపక్కన పెట్టి చదివితేనే తేడా కనిపిస్తుంది.

## కంపెనీ ఎందుకు వద్దంటుంది

కంపెనీ మాట కూడా కొట్టిపారేసేది కాదు. రిపేరయ్యాక చేతిలో ఒక వాషర్ మిగిలిపోవడం మనలో ఎవరికి అనుభవం కాదు? సైకిల్లో వాషర్ మిగిలితే చప్పుడొస్తుంది. మడత చాకులో మిగిలితే బ్లేడు ఊగుతుంది. ఊగే బ్లేడు మీద బలం పెట్టినప్పుడు లాక్ జారితే వేళ్ల మీదనే మూసుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ఫిర్యాదులో లాక్ సరిగా లేదనే రాస్తారు గానీ, నేను వాషర్ మరిచానని ఎవరూ రాయరు. అబద్ధమాడాలనే ఉద్దేశం లేకపోయినా, మరిచిన సంగతి వాడేవాడికే తెలియకపోవచ్చు.

రెండోది ఆనవాళ్ల సమస్య. ఎప్పుడూ విప్పని చాకు సర్వీసు సెంటరుకు వస్తే, లోపల ఏం తేడా ఉన్నా అది ఫ్యాక్టరీలోనే జరిగిందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. ఒకసారి విప్పిన చాకులో ఆ ఖాయం పోతుంది. అరిగిన మర ఎవరు అరగదీశారు? బేరింగులో రెండు గుండ్లు తక్కువుంటే అవి మొదట్నుంచీ లేవా, ఎవరి ఇంట్లోనో నేల మీద పడి పోయాయా? ఇదంతా తేల్చడానికి మనిషి కూర్చోవాలి, సమయం పట్టాలి. 1,850 రూపాయల వస్తువు మీద అంత సేపు వెచ్చించడం ఏ కంపెనీకీ గిట్టదు.

మూడోది స్క్రూలు. వీటి గుంతలు చిన్నవి. సరైన స్టార్ బిట్ కాకుండా, చేతికందిన పేచ్‌కస్ పెట్టి తిప్పితే గుంత గుండ్రంగా అరిగిపోతుంది. నీలం జిగురు గట్టిగా పట్టిన స్క్రూను వేడి చేయకుండా బలంగా తిప్పితే తలే ఊడిపోవచ్చు. ఇదంతా వాడేవాడి చేతిలో జరిగే నష్టం. దాన్ని ఉచితంగా బాగుచేయాలనడం న్యాయం కాదు.

చాలాకాలం వారంటీ ఇచ్చే కంపెనీలు వేసుకునే లెక్క ఇంకొకటుంది. వందమందిలో కొద్దిమందే తిరిగొస్తారన్న అంచనా మీదనే ఆ వారంటీ నడుస్తుంది. విప్పిన చాకులన్నీ కూడా లెక్కలోకొస్తే, ఆ ఖర్చు ఎప్పుడూ విప్పని వాళ్లు కొనే చాకు ధరలోకే చేరుతుంది.

## స్క్రూ పెట్టిందే విప్పడానికి కదా

దీనికి ఎదురు వాదన చాకు తయారీ నుంచే వస్తుంది. విప్పకూడదు అనుకుంటే రివెట్టు కొట్టొచ్చు. స్విట్జర్లాండ్ వాళ్ల విక్టోరినాక్స్ ఎర్ర చాకుల్లో ఇరుసులు రివెట్లే. వాటిని పగలగొట్టకుండా విప్పలేం, కాబట్టి ఈ గొడవే రాదు. స్క్రూ పెట్టి, దానికి బజార్లో దొరికే బిట్ సైజే ఇచ్చి, ఆ తర్వాత తాకొద్దనడం తలుపుకు గొళ్లెం బయట పెట్టి లోపలికి రావొద్దన్నట్టుంది అని వినియోగదారుల పక్షం వాళ్లంటారు.

పూర్తిగా ఎదురు దారిలో పోయినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని ఐడహో రాష్ట్రానికి చెందిన క్రిస్ రీవ్ నైవ్స్ తమ పేరున్న సెబెంజా చాకుతోపాటు, దాన్ని విప్పడానికి కావలసిన అలెన్ కీలను కూడా డబ్బాలో పెట్టి ఇస్తుంది. విప్పి శుభ్రం చేసుకోమని వాళ్లే చెబుతారు. ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన కొలంబియా రివర్ నైఫ్ అండ్ టూల్ వాళ్లు, కెన్ ఆనియన్ అనే డిజైనర్ చేసిన హోమ్‌ఫ్రంట్ చాకుతో ఇంకొక అడుగు ముందుకేశారు. ఒక మీట నొక్కి, ఒక చక్రం తిప్పితే ఏ పనిముట్టూ లేకుండానే ఆ చాకు విడిపోతుంది. పొలంలో, అడవిలో మట్టి పడితే అక్కడికక్కడే కడుక్కోవడానికి.

ఈ ఉదాహరణలను రెండు పక్షాలూ వాడుకుంటాయి. చూశారా, విప్పినా కొంపేం మునగదు అంటారు ఒకరు. అవి విప్పడానికే చేసినవి, ధర చూడండి, మావి అలా చేయలేదు అంటారు ఇంకొకరు. రెండో మాటలోనూ నిజముంది. సెబెంజాలో భాగాలు ఎంత కచ్చితంగా చెక్కుతారంటే, ఇరుసు స్క్రూను పూర్తిగా బిగించినా బ్లేడు సాఫీగానే తిరుగుతుంది. పావు చుట్టు లెక్క అక్కడ అక్కర్లేదు. చవక చాకులో ఆ బిగువును ఫ్యాక్టరీలో ఒక మనిషి చేత్తో చూసి కుదురుస్తాడు. ఆ కుదురు పోతే మళ్లీ తేవడానికి ఓపిక కావాలి.

అయినా నాకు ఒకటి అనిపిస్తుంది. విప్పడానికి వీలుగా చేయని చాకుకు స్క్రూ పెట్టడం కంపెనీ తన ఫ్యాక్టరీ సౌకర్యం కోసం చేసుకున్న పని. ఆ సౌకర్యపు ఖర్చు మొత్తం కొనేవాడి మీదే పడటం ఏకపక్షమే.

## మూడు చాకులు, మూడు రకాల తీర్పు

ఒకటే నియమాన్ని మూడు సందర్భాలకు పెట్టి చూద్దాం. మూడింటిలోనూ యజమాని చాకును ఒకసారి విప్పాడనే అనుకుందాం.

మొదటిది చిన్నాయన చాకే. కొస విరిగింది. ఉక్కును కాల్చి, ముంచి చల్లార్చి, తర్వాత సన్నసెగ మీద మళ్లీ వేడి చేస్తారు. ఆ రెండో వేడి సరిగా కాకపోతే ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. బెరడు కోసే పనికే కొస విరిగిందంటే అనుమానం అటే పోతుంది. బ్లేడును పక్కకు మెలితిప్పినా, దాంతో డబ్బా మూత పెకలించినా కూడా కొస విరుగుతుంది. కాబట్టి ఎట్లా వాడారని కంపెనీ అడగడం సబబే. ఇరుసు విప్పారా అని అడగడం మాత్రం కడుపునొప్పికి కాలు చూపమన్నట్టే. వాషర్ తీసి పెట్టినంత మాత్రాన కొసన ఉక్కు పెళుసెక్కదు.

రెండోది, తెరిచిన చాకు లాక్ నిలవడం లేదు. విప్పి చూస్తే ఒక వాషర్ మందంగా, ఒకటి పలచగా ఉన్నాయి. మందంది కంపెనీది కాదు, పాతది పోతే యజమాని సైకిల్ షాపులోంచి తెచ్చి వేశాడు. ఇక్కడ విప్పడానికీ లోపానికీ నేరుగా ముడి కనిపిస్తోంది. వారంటీ లేదనడంలో తప్పు లేదు. కంపెనీ తన వాషర్ వేసి, డబ్బు తీసుకుని బాగుచేస్తే అదే పెద్ద మర్యాద.

మూడోది అసలు చిక్కు. చాకు కొన్నప్పుడే, మూస్తే బ్లేడు నడిమధ్యకు రాకుండా ఒక పక్క పిడికి రాసుకుంటోంది. యజమాని సరిచేద్దామని విప్పాడు, బిగించేటప్పుడు ఇరుసు మర చెడగొట్టాడు. మొదటి లోపం ఫ్యాక్టరీది, రెండోది ఆయనది. "విప్పావు, కాబట్టి ఏమీ లేదు" అంటే ఫ్యాక్టరీ లోపం ఉచితంగా తప్పించుకుంది. "వారంటీ ఉంది, అన్నీ చేయాలి" అంటే యజమాని పొరపాటు కంపెనీ నెత్తిన పడింది. విడగొట్టి లెక్కేస్తే, బ్లేడు వంకర సరిచేయడం కంపెనీ ఖర్చు. కొత్త ఇరుసు స్క్రూ 150 రూపాయలనుకుంటే అది యజమాని ఖర్చు. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది. చాలా కార్డుల్లో మాత్రం ఇలా విడగొట్టే వీలే ఉండదు.

## కార్ల కేసులో వచ్చిన మాట

విడగొట్టి చూడాలన్న ఆలోచన మన దేశంలో కొత్తదేం కాదు. షంషేర్ కటారియా అనే ఆయన ఫిర్యాదు మీద, మార్కెట్‌లో పోటీని కాపాడే భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్రధాన గొడవ స్పేర్ పార్టులు బయట దొరకనివ్వకపోవడం. వారంటీ మాట కూడా అందులో వచ్చింది. బయటి మెకానిక్కు దగ్గర పని చేయించుకుంటే వారంటీ మొత్తం రద్దు అనే గుండుగుత్త షరతు పెట్టొద్దని కమిషన్ చెప్పింది. బయట చేసిన చెడ్డ పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ నిరాకరించవచ్చని గీత గీసింది. అది కార్ల మార్కెట్‌లో పోటీకి సంబంధించిన తీర్పు. చాకుకు నేరుగా వర్తించదు. చిన్నాయన ప్రశ్నకు దగ్గరగా వచ్చిన జవాబు మాత్రం నాకు అందులోనే కనిపించింది.

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. ఫలానా కంపెనీ విడిభాగమో, సర్వీసో వాడితేనే వారంటీ అని షరతు పెట్టడాన్ని అది చాలావరకు నిషేధిస్తుంది. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 'ఈ స్టిక్కర్ చిరిగితే వారంటీ చెల్లదు' తరహా షరతుల మీద ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. యజమానే స్వయంగా విప్పి, స్వయంగా పాడుచేసుకున్న భాగానికి కంపెనీ బాధ్యత వహించాలని మాత్రం ఆ చట్టమూ అనదు.

మన దగ్గర 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద ఒక కమిటీ వేసింది. మొదటి విడతలో వ్యవసాయ పరికరాలు, ఫోన్లు-టాబ్లెట్లు, ఇంట్లో వాడే ఫ్రిజ్జుల్లాంటి వస్తువులు, వాహనాలు అనే నాలుగు రంగాలను తీసుకుంది. అంటు చాకు వ్యవసాయ పరికరం కిందికి వస్తుందా అంటే, ఆ చర్చంతా ట్రాక్టర్ల చుట్టే తిరిగింది. జేబులో పట్టే పనిముట్టును అందులో వెతుక్కోవడం అత్యాశే.

2019 చట్టంలో పనికొచ్చే మాట ఇంకొకటుంది: అన్యాయమైన ఒప్పందం. వినియోగదారుడికి నష్టం కలిగించేలా అసమంజసమైన షరతు పెట్టడం అందులోకి వస్తుంది. విప్పితే అన్నీ రద్దు అనే వాక్యాన్ని దీని కింద సవాలు చేయొచ్చు. తిరకాసు ఏమిటంటే, అన్యాయమైన ఒప్పందం మీద ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్ వినదు. హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. చాకులో లోపం ఉందన్న ఫిర్యాదైతే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్న జిల్లా కమిషన్ చాలు.

కంపెనీ పక్షానికి కూడా ఆ చట్టంలో ఒక ఊతం ఉంది. వస్తువు వల్ల గాయమైతే నష్టపరిహారం అడిగే భాగంలో, 87వ సెక్షన్ ఒక మినహాయింపు ఇచ్చింది. గాయమైన సమయానికి వస్తువును దుర్వినియోగం చేసి ఉన్నా, మార్చి ఉన్నా అమ్మినవాడి మీద ఆ కేసు నిలవదు. విప్పి ఉన్నది ఉన్నట్టు బిగించడం 'మార్చడం' అవుతుందా? నా దృష్టిలో కాదు. లాక్ అరగదీయడం అవుతుంది. ఈ మధ్యలో ఉన్నవన్నీ వాదించుకోవాల్సినవే.

## రుజువు, దాని ఖర్చు

చివరికి అంతా ఎవరు ఏం రుజువు చేయాలన్న దగ్గరికే వస్తుంది. లోపం ఉందని చూపాల్సింది ఫిర్యాదుదారు. లోపం మీరు విప్పడం వల్లే వచ్చిందని కంపెనీ అంటే, అది కంపెనీ చూపాలి అనడం సహజ న్యాయం. కంటికి కనబడని లోపమైతే, కమిషన్ వస్తువు నమూనాకు సీలు వేసి ల్యాబుకు పంపి, 45 రోజుల్లో నివేదిక ఇమ్మనవచ్చు. ఉక్కు పెళుసుదనం అలాంటి పరీక్షలో తేలేదే. కానీ ఆ పరీక్ష ఫీజు ముందు కట్టాల్సింది ఫిర్యాదుదారే.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. నర్సరీ నడిపేవాడు వినియోగదారుడా, వ్యాపారియా? వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు చట్టం ప్రకారం వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని, తానే వాడుకునేవాళ్లను చట్టం వినియోగదారులుగానే లెక్కిస్తుంది. చిన్నాయన తన చేత్తో తాను అంటు కడతాడు కాబట్టి లోపలే ఉంటాడు. ఇరవైమంది కూలీలకు ఇరవై చాకులు కొన్న పెద్ద నర్సరీకి ఇదే ధీమా ఉండదు.

దారులైతే సులువు చేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో వేయొచ్చు. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అయినా లెక్కేసి చూడండి. మూడు వాయిదాలకు మూడు రోజులు పోతే, రోజుకు 700 రూపాయల పని పోయిందనుకున్నా 2,100 అవుతుంది. బస్సు చార్జీలు కలపకుండానే చాకు ధర దాటిపోయింది. ఖర్చులు ఇప్పించమని కమిషన్‌ను అడగొచ్చు, ఇప్పించొచ్చు కూడా. కానీ ముందు పెట్టుకోవాల్సింది మనమే. కార్డు మీది చిన్న వాక్యానికి బలం ఇక్కడే ఉంది. అది చట్టం ముందు నిలుస్తుందా లేదా అన్నది ఎవరూ తేల్చుకునేదాకా పోరు.

ఆన్‌లైన్‌లో విదేశీ చాకు కొన్నవాళ్లకు ఇంకో మెట్టు అదనం. 2020 ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువుకు ఏ గ్యారంటీ, వారంటీ వర్తిస్తుందో అమ్మేవాడు చెప్పాలి. తయారీ కంపెనీ వారంటీ చాలాసార్లు అధీకృత డీలరు దగ్గర కొన్న మొదటి కొనుగోలుదారుకే ఉంటుంది. అలాంటప్పుడు విప్పారా లేదా అన్న ప్రశ్న దాకా కూడా పోలేరు.

## కార్డు మీద ఎలా రాస్తే సరిపోతుంది

రెండు పక్షాల మధ్యా దూరం కనిపించేంత పెద్దది కాదు. శుభ్రం చేయడానికి విప్పడం వల్ల వారంటీ పోదు, విప్పడం వల్ల కలిగిన నష్టానికి మాత్రం వర్తించదు అని రాస్తే సగం గొడవ తీరుతుంది. లాక్ భాగాలకు కఠినంగా ఉండి, బ్లేడు ఉక్కుకు ఉదారంగా ఉండవచ్చు. విప్పి పంపిన చాకును బిగించి సరిచేయడానికి కూలి తీసుకోవచ్చు. ఇందులో కంపెనీకి ఒక ఇబ్బంది మిగిలే ఉంటుంది. ఏది విప్పడం వల్ల, ఏది కాదు అని ప్రతిసారీ ఒక మనిషి చూసి చెప్పాలి. స్క్రూ తల మీద గీతలు చూసి వెనక్కి పంపడం కంటే అది ఎక్కువ పని. లాక్ విషయంలో కంపెనీల భయం నాకు అర్థమవుతుంది. బ్లేడు కొస విషయంలో అర్థం కాదు.

మా దుకాణదారు చెడ్డవాడేం కాదు. రెండోసారి వెళ్లినప్పుడు విరిగిన కొసను, స్క్రూ తలలను విడివిడిగా ఫోటోలు తీసి హైదరాబాద్‌లోని పంపిణీదారుకు వాట్సాప్‌లో పెట్టాడు. మూడు రోజులకు జవాబొచ్చింది: చాకు పంపండి, చూస్తాం, కొరియర్ ఖర్చు మీదే. చిన్నాయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. తీసుకోకపోతే, కొస ఎందుకు విరిగిందో కాగితం మీద రాసి ఇవ్వాలి. 'విప్పారు కాబట్టి' అని కాకుండా, ఎందుకు విరిగిందో. దుకాణదారు తల గోక్కుని సరే అన్నాడు.

చాకు పోయి పదకొండు రోజులైంది. చిన్నాయన పాత రివెట్టు చాకుతోనే మొగ్గలు కోస్తున్నాడు. దాని ఇరుసు జంగు పట్టి బిగుసుకుపోయింది. తెరవాలంటే రెండు చేతులూ కావాలి.